మోచేతి పై గాజులు

హైదరాబాదు బయట, షూటింగు బంగ్లా
3 ఫిబ్రవరి 2025

పెద్దమ్మకు,

నీ జ్యోత్స్న దండాలు. ఖానాపురం హవేలిలో మా ఇంటి నుంచి రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి నీ బుర్ర తినే పిల్ల ఇలా కాగితం మీద గీకుతోందేమిటని నవ్వుకుంటున్నావు కదూ. ఏం చేయను? వచ్చిన రోజే అందరి ఫోన్లూ గుంజుకున్నారు. వారానికి ఒక ఉత్తరం మాత్రం రాసుకోవచ్చట, అది కూడా ఆఫీసువాళ్లు చదివాకే పోస్టులో వేస్తారు. మా ఆయన కోటేష్‌కు రాస్తే "సరే" అని రెండక్షరాలు రాసి పంపుతాడు. నువ్వైతే ఆశ్రమ పాఠశాలలో ఏడు దాకా చదివినదానివి, నాలుగు పేజీలు తిడతావు. అందుకని ఈ ఉత్తరం నీకే.

మా ప్రోగ్రాం పేరు "బంగ్లాలో ఎనిమిది మంది". ఒక పాత బంగ్లాలో జమీందారు చచ్చిపడి ఉంటాడు. నిజంగా కాదులే, ఆయన యాక్టరు, కట్ చెప్పగానే లేచి సిగరెట్ తాగుతాడు. బంగ్లాలో వంటమనిషి, డ్రైవరు, మేనల్లుడు, అందరూ యాక్టర్లే. మాలాంటి మామూలు మనుషులు ఎనిమిది మందిమి వాళ్లను ప్రశ్నలడిగి, హంతకుడెవరో కనిపెట్టాలి. వారానికొకరు ఇంటికి పోతారు. ఇన్సూరెన్సు క్లెయిములు నిజమో అబద్ధమో ఊరూరూ తిరిగి తేల్చే ఉద్యోగం నాది కదా, అందుకే నన్ను తీసుకున్నారు.

ఇప్పుడు అసలు సంగతి విను. వంటమనిషి లచ్చి మనలాగే తండా మనిషి అట, కథలో విధవ అట. ఆమె చేతులు చూస్తే మోచేతి పైన కూడా గాజులున్నాయి! మొగుడు పోయిన ఆడది మన వాళ్లలో పై గాజులు ఉంచుకోదు కదా. నేను లేచి కెమెరా ముందు చెప్పేశాను, "ఈమె మొగుడు చావలేదు, ఈ బంగ్లాలోనే ఎక్కడో దాక్కున్నాడు" అని. నీకెట్లా తెలుసని యాంకర్ అడిగాడు. అప్పుడు నీ సంగతి చెప్పాను. మా పెద్దమ్మ రూప్లి, మా పెద్దనాన్న హాతీరాం పందొమ్మిదేళ్ల కింద బోరు లారీ మీద పనికి పోయి తిరిగి రాలేదు, తండాలో ఆడవాళ్లంతా ఆ గాజులు మానేసినా ఆమె మాత్రం ఈ రోజుకీ తీయలేదు, ఎందుకంటే ఆయన బతికే ఉన్నాడని ఆమెకు తెలుసు, అన్నాను. "తెలుసా, నమ్మకమా?" అని అడిగాడు. నమ్మకమంటే మార్కులేం వస్తాయి? "తెలుసు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఈ వారం నేను సేఫ్.

పదిహేనో తారీఖు శనివారం వస్తుంది. రెడ్యా చిన్నాయన వాళ్ల పెద్ద టీవీలో చూడు, మీ అత్త పూలి అవ్వను కూడా కూర్చోబెట్టు.

నీ చేతి జొన్నరొట్టె లేక మొహం వాచిన
జ్యోత్స్న


తండా, పినపాక మండలం
17 ఫిబ్రవరి

జ్యోత్స్నకు,

దీవెనలు. చూశాను. నేనొక్కదాన్నే కాదు, తండా తండా అంతా చూసింది. పదిహేను సేవాలాల్ జయంతి అని నీకు గుర్తు లేదా? భోగ్ నైవేద్యం అయిపోయి, పాయసం తిని, నూరు మంది రెడ్యా వాకిట్లోనే ఉన్నారు. టీవీ బయటికి తెచ్చి పెట్టారు. నీ మొహం కనబడగానే ఈలలు. ఆ తర్వాత నా పేరు వచ్చింది. ఈలలు ఆగిపోయాయి. నూరు మంది నా చేతుల వైపు చూశారు. కొంగు కప్పుకుందామంటే కొంగు చాలలేదు.

ఇవాళ పొద్దున అంగన్‌వాడీలో గుడ్లు ఉడకేస్తుంటే రెడ్యా వచ్చాడు. నీకు తెలుసు కదా, వాడు గొంతు పెంచే మనిషి కాదు. "వదినా, అన్న బతికే ఉంటే ఏడ ఉన్నడో చెప్పు, పోయి తోల్కొస్త. నీకు తెలుసని మన పిల్లనే చెప్పింది గద" అన్నాడు. నేను చిన్నపిల్లలకు గుడ్ల పెంకు తీస్తూ కూర్చున్నాను. ఎన్ని గుడ్లు తీశానో, ఎవరికి పెట్టానో తెలియదు.

అంతకన్నా ఘోరం మా అత్త. ఎనభై ఏళ్లు దాటిన మనిషి, కంటికి సరిగ్గా ఆనదు. ఆదివారం పొద్దున్నే తలకు నూనె పెట్టించుకుని, మంచి పేటియా లంగా కట్టుకుని, పోయి రోడ్డు మీద కూర్చుంది. మణుగూరు బస్సు ఆగినప్పుడల్లా "దిగిండా?" అని అడుగుతోంది. బొగ్గు లారీలు దుమ్ము లేపుతుంటే ఆ దుమ్ములోనే కూర్చుంది. అన్నం తినమంటే "నా కొడుకుతోటి తింట" అంటోంది.

ఏందే ఇది? నీ పోటీకి నా ఇల్లే దొరికిందా? ఆయన సంగతి నాకు తెలిసినంత నీకు తెలియదు. ఇక నా ఊసు ఎత్తకు. మిరప కోతలు మొదలైనాయి, నాకు తీరిక లేదు, ఎక్కువ రాయను.

నీ పెద్దమ్మ
రూప్లి


షూటింగు బంగ్లా
22 ఫిబ్రవరి

పెద్దమ్మా,

నీ ఉత్తరం ఆఫీసులో ఇచ్చారు, చదివి ఏడ్చాను. "ఆయన సంగతి నాకు తెలిసినంత నీకు తెలియదు" అని రాశావు చూడు, అక్కడే నాకు అంతా అర్థమైపోయింది. ఇన్నేళ్లు ఎంత దిగమింగావు!

నా చిన్నప్పుడు ఒకసారి నువ్వు బూర్గంపాడు సంతకు పోయి సరుకులు లేకుండా తిరిగొచ్చావు. కళ్లు వాచిపోయి ఉన్నాయి. నేను జిలేబీ అడిగితే కొట్టావు. నువ్వు నన్ను కొట్టింది జన్మలో ఆ ఒక్కసారే, అందుకే మరిచిపోలేదు. ఆ తర్వాత మళ్లీ ఆ సంతకు పోలేదు నువ్వు. ఎవరు ఎంత పిలిచినా పోలేదు. రోజుకు నలుగురి అబద్ధాలు పట్టుకునేదాన్ని, ఇంట్లో దాన్ని ఇన్నేళ్లకు గానీ పట్టుకోలేకపోయాను. పెద్దనాన్న అక్కడే ఉన్నాడు కదా? ఇంకో ఆమెతో ఇల్లు పెట్టాడు కదా? నువ్వు కళ్లారా చూశావు. పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, ఆయన. ఇక్కడి సార్లకు చెప్పాను. వాళ్లు కూడా కదిలిపోయారు. ఆఖరి వారం ప్రోగ్రాంలో "అసలు కేసు" అని పెట్టి, పెద్దనాన్నను వెతికి స్టేజీ మీదికి తెస్తారట. బూర్గంపాడులో మనుషులను పెట్టారు. పూలి అవ్వను కూడా కారులో తీసుకొస్తారు. కొడుకును చూసుకుంటుంది కదా పెద్దమ్మా, ఆ ముసలి ప్రాణం. నువ్వు వద్దన్నా నేను వినను. ఒక్కసారి నా మాట విను.

మొన్న కథలో లచ్చి మొగుడు నిజంగానే అటక మీద దొరికాడు, తెలుసా! నేను చెప్పిందే కరెక్టయింది. ఎనిమిది మందిలో ఐదుగురమే మిగిలాం.

నీ కోసం పోట్లాడే
జ్యోత్స్న


తండా
1 మార్చి

జ్యోత్స్నా,

ఈ ఉత్తరం ఆఫీసుకు రాదు. నీ బట్టల సంచి తెచ్చే అల్లుడు కోటేష్ చేతికి ఇస్తున్నాను, ఎర్ర జాకెట్టు మడతలో పెట్టమన్నాను. వాడు చదవనని ఒట్టేశాడు. నువ్వు ఒక్కదానివే చదివి చింపెయ్.

నువ్వు పట్టుకున్న ఆనవాలు సరైనదే, అర్థమే తప్పు. ఆ రోజు బూర్గంపాడు సంతలో బోరు లారీ డ్రైవరు కనిపించాడు. నన్ను చూసి పక్కకు తప్పుకోబోతే నేనే పోయి పట్టుకున్నాను. చాయ్ హోటల్లో కూర్చోబెట్టాను. "హాతీరాం పోయిండక్కా, ఛత్తీస్‌గఢ్‌ల. రెండు నెలలైంది. ఆడనే మట్టి చేసినం. నీకు చెప్పుడెట్లనో తెల్వక తిరుగుతున్న" అని ఏడ్చాడు. ఆయన చేతి గడియారం నా చేతిలో పెట్టాడు. ఈ ముచ్చట ఇంకెవరికీ చెప్పొద్దని వాడితో ఒట్టేయించుకున్నాను. మళ్లీ ఈ వైపు రావద్దని కూడా చెప్పాను. గడియారం గోదావరిలో వేశాను. ఇంటికొచ్చి వంట చేశాను. నువ్వు జిలేబీ అడిగావు, కొట్టాను.

ఎందుకు దాచానంటావు. అప్పుడు నాకు ఇరవై ఎనిమిది. నీకు ఆరు. మీ అమ్మ, అదే నా చెల్లెలు, పోయి ఏడాది, నువ్వు నా దగ్గరే ఉన్నావు. ఆ రోజుల్లో మన వాళ్లలో అన్న పోతే వదిన మరిది ఇంటికి పెళ్లాంగా పోవాల్సిందే. రెడ్యాకు అప్పటికే భార్య ఉంది. ఆయన కబురు లేని నెలల్లోనే పెద్దమనుషులు అనుకుంటున్నారు, హాతీరాం లేడని తేలితే రూప్లి రెడ్యా ఇంటికి, పిల్ల మన ఇంటి పిల్ల కాదు కాబట్టి దాని నాయన దగ్గరికి అని. మీ నాయన అప్పటికే ఇంకో పెళ్లి చేసుకున్నాడు, నిన్ను చూడటానికి కూడా రాలేదు. గాజులు చేతికి ఉన్నన్నాళ్లు నేను హాతీరాం పెళ్లాన్ని. నన్ను ఎవరూ ఏమీ అడగలేరు. అందుకే తీయలేదు.

నీ కోసమే చేశానని చెప్తే అది ఇంకో అబద్ధం అవుతుంది. రెడ్యా చెడ్డవాడు కాదు. నాకే వద్దు అనిపించింది. నా పొయ్యి, నా తలుపు, నా ఇష్టం అనుకున్నాను. అలా బతికాను కూడా. బాగానే బతికాను, అదే నన్ను తినేస్తోంది. కట్టుకున్న మనిషికి దినం చేయలేదు, ఒక ముద్ద తీసి పెట్టలేదు. ప్రతి పండక్కీ మా అత్త కొడుకు కోసం కంచం పెడుతుంటే, పక్కన నిలబడి వడ్డించాను. ఆ అన్నం నేనే తీసి కుక్కకు వేసేదాన్ని. పందొమ్మిదేళ్లు, బిడ్డా.

ఇప్పుడు నువ్వు ఆమెను కారెక్కించి కొడుకును చూపిస్తానంటున్నావు. ఎవరిని చూపిస్తావు? నీ కాళ్లు పట్టుకుంటా, ఆపు.

మొహం చెల్లని
రూప్లి


షూటింగు బంగ్లా
6 మార్చి

పెద్దమ్మా,

కోటేష్ చేతికే ఇస్తున్నాను. నాలుగు కాగితాలు రాసి చింపాను, ఇది ఐదోది.

నీ ఉత్తరం బాత్రూంలో చదివాను. బయటికి వస్తే ఎదురుగా బట్టలు చూసుకునే అమ్మాయి దుర్గ నిలబడి ఉంది. ఎందుకో తెలియదు, ఆ లచ్చి గాజుల సంగతి అడిగాను. అది నవ్వింది. "అవి కిరాయికి తెచ్చినయి అక్కా. పైకెయ్యాల్నో కిందికెయ్యాల్నో మాకేం ఎరుక? కథల ఆమె మొగుడు చచ్చినోడే. నువ్వు గట్ల చెప్పినంక సార్లకు మస్తు నచ్చింది, చచ్చినోన్ని బతికిచ్చి అటకెక్కిచ్చిన్రు" అన్నది. నేను కనిపెట్టింది ఏమీ లేదు పెద్దమ్మా. ఒకరు తెలియక చేసిన తప్పును పట్టుకుని తెలివి అనుకున్నాను. నీ చేతులు చూసి కూడా అదే చేశాను.

వెతకడం ఆపమని సార్లను అడిగాను. కారణం చెప్పమన్నారు. చెప్పలేదు. మీ అవ్వ వస్తానని ఒప్పుకుంది, ఫొటోలు కూడా తీసుకొచ్చాం అన్నారు. రోడ్డు మీద కూర్చున్న ఫొటో చూపించారు. నూనె పెట్టుకున్న తల, చేతిలో చిన్న మూట. ఆ మూటలో ఏముందని అడిగితే, కొడుకు పాత అంగీ అన్నారు. నాకు బతకబుద్ధి కాలేదు.

ఈ ఆదివారం కాక పై ఆదివారం, పదహారున, బయటికి వస్తున్నాను. ప్రోగ్రాం మధ్యలో వదిలి పోతే ఏం చేస్తారో వాళ్ల ఇష్టం. కానీ నేను వచ్చేలోపే నువ్వు అవ్వకు చెప్పు. నా నోటితో కాదు, నీ నోటితోనే వినాలి ఆమె. నీకు ఇంత మాట రాసే అర్హత నాకు లేదని తెలుసు.

తల ఎత్తలేని
జ్యోత్స్న


తండా
11 మార్చి

జ్యోత్స్నా,

చెప్పాను. రోడ్డు మీదికే పోయి, ఆమె పక్కన కూర్చుని, మొదటి నుంచీ చివరి దాకా చెప్పాను. రెడ్యా కూడా అక్కడే ఉన్నాడు, వాడు వినాలనే పిలిచాను. వాడు తలపాగ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు, నా మొహం చూడలేదు.

మా అత్త ఏమందో తెలుసా? నమ్మలేదు. "ఎవల్తోనో ఉన్నడని నీకు సిగ్గై, సచ్చిండని చెప్తున్నవ్. పిల్ల టీవీల చెప్పింది, దేశమంత ఇన్నది. నువ్వు పందొమ్మిదేండ్ల సంది నాతోని అబద్ధమాడినా అంటున్నవ్, ఇయ్యాల చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?" అంది. మణుగూరు బస్సు వచ్చింది, లేచి నిలబడి చూసింది, మళ్లీ కూర్చుంది.

నన్ను నమ్మదు. నిన్ను నమ్ముతుంది. జల్దీ రా.

రూప్లి


ఖానాపురం హవేలి
21 మార్చి

పెద్దమ్మా,

ఫోన్ తిరిగి ఇచ్చారు. చేస్తే నువ్వు ఎత్తుతావని కూడా తెలుసు. నేనే నంబరు నొక్కి కట్ చేస్తున్నాను, అందుకే మళ్లీ కాగితం.

ఆ రోజు నేను బస్సు దిగగానే అవ్వ నా వెనక చూసింది, ఇంకెవరైనా దిగుతున్నారేమోనని. దుమ్ములో ఆమె ముందు కూర్చున్నాను. "అవ్వా, నేను టీవీల చెప్పింది ఉత్తదే. నాకేం తెల్వదు. పెద్దమ్మ చెప్పిందే నిజం" అన్నాను. నా మొహం తడిమింది. కోప్పడుతుందనుకున్నాను. "మరి ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అని అడిగింది, అంతే. గెలవాలని చెప్పాను అవ్వా, అన్నాను. అంతకన్నా నిజం నా దగ్గర లేదు. ఆమె నా మొహం మీద నుంచి చెయ్యి తీసేసింది. ఆ తర్వాత ఏడుపు మొదలుపెట్టింది, మన ఆడవాళ్లు చావు దగ్గర పాడుతూ ఏడ్చే ఏడుపు. నువ్వు పరుగెత్తుకొచ్చావు. నేను మాత్రం వచ్చిన బస్సే తిరిగి వస్తే ఎక్కేశాను. నిన్ను ఆ ఏడుపు దగ్గర ఒంటరిగా వదిలేసి వచ్చాను. దినానికి కూడా రాలేదు.

ఇక్కడ షేర్ ఆటో ఎక్కితే "డిటెక్టివ్ అక్కా" అంటున్నారు, జమీందారును ఎవరు చంపారో చెప్పమంటున్నారు. ఆఫీసులో లీవు పొడిగించాను. ఇంకొకరి ఇంటికి పోయి ప్రశ్నలు అడగడం ఇక నా వల్ల కాదేమో. నువ్వు తిట్టు పెద్దమ్మా. నువ్వు తిట్టకపోతే నేను ఎటూ కాకుండా పోతాను.

జ్యోత్స్న


తండా
2 ఏప్రిల్

బిడ్డా జ్యోత్స్నా,

తిట్టను. తిట్టాలంటే నేను నీకన్నా ఒక మెట్టు పైన ఉండాలి కదా. కోటేష్‌ను పస్తులు పెట్టకుండా వండి పెట్టు, ముందు ఆఫీసుకు పో.

దినం సంగతి చెప్తా. దేహం లేదు కదా, పిండితో బొమ్మ చేసి, రెడ్యానే అన్నీ దగ్గరుండి జరిపించాడు. మేకను తెచ్చాడు, నలుగురికీ అన్నం పెట్టాడు. నన్ను ఒక్క మాట అనలేదు. "నేను నిన్ను బలిమి చేద్దునా వదినా?" అని మాత్రం ఒకసారి అడిగాడు. ఆ మాటకు నేను భూమిలోకి పోయాను. గాజులు ఆడవాళ్లు తీశారు. కొన్ని రాలేదు, చెయ్యి లావైంది కదా, కొడవలితో కోశారు. తండాలో కొందరు నాతో మాట్లాడుతున్నారు, కొందరు మాట్లాడడం లేదు. పిల్లల్ని మాత్రం అంగన్‌వాడీకి పంపుతున్నారు. మీ ప్రోగ్రాం వాళ్లు ఇద్దరు కెమెరాతో వచ్చారు, రెడ్యా వాళ్లను రోడ్డు దాకా సాగనంపాడు, ఎట్లా అని అడగకు.

మా అత్త దినం నాటి నుంచి నాతో పలకలేదు. నేను పెట్టిన అన్నం తినేది, కంచం నా వైపు జరిపేది, అంతే. ఇప్పపూలు రాలుతున్నాయి, నేను తెల్లవారుజామున పోయి ఏరుకొచ్చి వాకిట్లో ఆరబోస్తే, ఆమె కూర్చుని పుల్లలు, ఆకులు ఏరేది. ఇద్దరమూ ఒకే చాప మీద.

ఇవాళ పొద్దున తల ఎత్తకుండానే అడిగింది. "ఆ డ్రైవర్‌ను అడిగినవా? నా కొడుకు ఏమై పోయిండు? జరమొచ్చిందా, పాము ముట్టిందా? ఆఖరికి నీళ్లడిగిండా, ఎవలన్న పోసిన్రా?"

నేను అడగలేదు జ్యోత్స్నా. ఆ చాయ్ హోటల్లో గంటసేపు కూర్చున్నాను. వాడికి రెండుసార్లు చాయ్ పోయించాను. ఎవరికీ చెప్పొద్దన్నాను, ఈ వైపు రావద్దన్నాను, ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో కూడా నేర్పాను. మనిషి ఎలా పోయాడని అడగాలని నాకు తోచనేలేదు. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా తోచలేదు.

"అడగలే అత్తా" అన్నాను.

"అవ్" అని, మళ్లీ పుల్లలు ఏరుకుంటూ కూర్చుంది.

నీ పెద్దమ్మ
రూప్లి